ముగ్గురి ప్రేమకథలో ఎవరు ఎవర్ని ఏమని పిలవాలి?

ముందు మీ ప్రశ్న క్లుప్తంగా చెప్తాను, తర్వాత వచ్చి చదివేవాళ్ళకి కూడా అర్థం కావాలి కదా. మీరు సముద్రపు దొంగల కథ అయిన జపాన్ మాంగా, అనిమే వన్ పీస్ మీద తెలుగులో ఫ్యాన్‌ఫిక్, అంటే అభిమానిగా సొంత కథ, రాస్తున్నారు. అందులో ఒకే ఓడలో ఉండే జోరో, సాంజీ, రాబిన్ ముగ్గురూ అన్నీ తెలిసి, మనస్ఫూర్తిగా ఒప్పుకుని కలిసి ఉండే కథ. ముద్దుపేర్లుగా "బంగారం", "బుజ్జీ", "కన్నా" వాడితే, చదివినవాళ్ళు "వీళ్ళు మాకు తెలిసిన జోరో, సాంజీలు కాదు" అంటున్నారు. ఇంకో ఇబ్బంది ఏమిటంటే, ఏ సీన్ మొదలుపెట్టినా ఇద్దరి మధ్యే నడిచిపోతోంది, మూడో మనిషి పక్కన నిలబడి చూస్తూ ఉండిపోతున్నారు.

ఈ రెండు ఇబ్బందులకీ వేరు ఒకటే. చాలా ఏళ్ళుగా ఓటీ3 కథలు చదువుతున్నాను, స్నేహితులు రాసిన డ్రాఫ్టులకి బీటా చేస్తున్నాను, అంటే బయట పెట్టేముందు చదివి సరిదిద్దుతున్నాను. ఓటీపీ అంటే ఫ్యాన్స్‌కి ప్రాణమైన జంట. ఓటీ3 అంటే అలాంటి ముగ్గురు. తేలిపోయిన ఓటీ3 కథల్లో ఎక్కువ వాటిలో నాకు కనిపించేది ఇదే: ముగ్గురి మధ్య ఉన్నది ఒకే ఒక బంధం అన్నట్టు రాస్తారు, అందుకే ముగ్గురూ ఒకే రకం ముద్దుపేర్లు వాడుకుంటారు. ముగ్గురు మనుషులున్న చోట మూడు జంటలుంటాయి. ఒక్కొక్కరూ మిగతా ఇద్దరినీ పిలుస్తారు కాబట్టి పిలుపులు ఆరు. కథ మొదలుపెట్టే ముందు ఆ ఆరూ కాగితం మీద రాసుకోండి. వాటిలో ఏ రెండూ ఒకేలా ఉండకూడదు. ఏదైనా ఒకటి రాయడానికి మీకేమీ తట్టలేదంటే, మీ కథలో ఆ ఇద్దరి మధ్య ఇంకా ఏమీ జరగలేదన్నమాట. మూడో మనిషి పక్కకి జరిగిపోవడం అక్కడే మొదలవుతుంది.

మీరు ఎంచుకున్న ముగ్గురి విషయంలో అదృష్టం ఏమిటంటే, ఆ ఆరు పిలుపుల్లో చాలావరకు వన్ పీస్ రచయిత ఓడా గారే రాసిపెట్టారు. అసలు కథలో వీళ్ళ ముగ్గురి మధ్య ప్రేమ లేదు, అది ఫ్యాన్స్ ఊహే. కానీ పిలుపులు మాత్రం అసలు కథలోవే.

రాబిన్‌తో మొదలుపెడతాను, ఎందుకంటే పిలుపు మీదే ఒక మనిషి మనసంతా చూపించవచ్చని ఆమె దగ్గరే బాగా తెలుస్తుంది. అలబాస్టా కథ అయ్యాక ఆమె ఓడ ఎక్కుతుంది. అప్పటినుంచీ ఎవర్నీ పేరు పెట్టి పిలవదు. లూఫీ "సెంచో-సాన్", అంటే కెప్టెన్ గారు. జోరో "కెన్షి-సాన్", అంటే ఖడ్గవీరుడు గారు. సాంజీ "కొక్కు-సాన్", అంటే వంటవాడు గారు. ఉసోప్‌ని "నాగహానా-కున్" అంటుంది, పొడుగు ముక్కు అబ్బాయి అని. చూడ్డానికి మర్యాదగా, కాస్త చిలిపిగా ఉంటుంది. కానీ ఎనిమిదేళ్ళ వయసునుంచి తల మీద వెలతో పారిపోతూ, చేరిన ప్రతి గుంపునీ పోగొట్టుకున్న మనిషి ఆమె. వీళ్ళూ ఎక్కువ రోజులు ఉండరని ముందే అనుకుని, పేర్ల బదులు పదవులతో పిలుస్తోంది. ఎనీస్ లాబీలో, 398వ అధ్యాయంలో, బతకాలని ఉందని ఏడుస్తూ అరుస్తుంది చూడండి, ఆ కథ ముగిశాక ఆమె నోట లూఫీ, జోరో, నామీ, సాంజీ అని పేర్లు వస్తాయి. ఎవరూ దాని గురించి మాట్లాడరు. పక్కన బాణం గుర్తు వేసి చూపించరు. చదివేవాడు పట్టుకుంటే పట్టుకున్నట్టు.

మీ కథకి ఇంతకంటే మంచి ముద్దుపేరు దొరకదు. రాబిన్ "జోరో" అనడమే ముద్దుపేరు. దాని మీద "బంగారం" పెడితే ఆమె అంత దూరం నడిచి వచ్చిందంతా చెరిగిపోతుంది.

జోరో వైపు కూడా ఇలాంటిదే ఉంది, కాస్త మొరటుగా. రాబిన్ ఓడ ఎక్కిన రోజున సాంజీ వెంటనే కరిగిపోయాడు, నామీ నగలు చూసి మెత్తబడింది, ఉసోప్, చాపర్ ఆమె చేతులతో చేసిన ఆటలకి పడిపోయారు. పడనిది జోరో ఒక్కడే. చాలాకాలం అతనికి ఆమె "ఆ ఆడమనిషి", అంతే. వాటర్ సెవెన్‌లో కూడా ఆవిడ శత్రువా, మన మనిషా అని అందరి ముందూ సూటిగా అడిగేది అతనే. అదే జోరో అంతకుముందు స్కైపియాలో, శత్రువు ఎనేల్ ఆమెని పిడుగుతో పడగొట్టినప్పుడు నేల తాకకుండా పట్టుకుని కోపంతో ఊగిపోతాడు. నమ్మకం లేదు, కానీ పడిపోతే పట్టుకుంటాడు. ఎనీస్ లాబీ నాటికి అతనూ "రాబిన్" అనడం మొదలుపెడతాడు. అంటే ఈ జంటలో ఇద్దరూ ఒకే కాలంలో, ఎవరి దారిలో వాళ్ళు, పేరు దాకా వచ్చారు. ఒకరి పట్ల ఒకరు అనుమానంతో మొదలై, మర్యాద దాటి, పేరు దగ్గర ఆగారు. ఇక్కడ పిలుపు చిన్నది, మాట తక్కువ. ఈ ఇద్దరి సీన్లలో నిశ్శబ్దం ఎక్కువ పెట్టండి.

ఇక జోరో, సాంజీ. ఈ జంట గురించి ఫ్యాన్స్ రాసినన్ని పేజీలు బహుశా ఓడలో ఇంకే ఇద్దరి గురించీ రాసి ఉండరు. సాంజీకి జోరో "మారిమో". అది హొక్కైడోలో అకాన్ సరస్సులో దొరికే ఆకుపచ్చని నాచు, బంతిలా గుండ్రంగా పెరుగుతుంది. 1952లో జపాన్ ప్రభుత్వం దాన్ని ప్రత్యేక సహజ స్మారకంగా ప్రకటించింది. జోరో జుట్టు చూసి ఆ పేరు. జోరోకి సాంజీ "కొక్కు", కోపం వస్తే "ఎరో-కొక్కు", "గురుమాయు" అంటే సుడి తిరిగిన కనుబొమ్మ. జోరో నోట "సాంజీ" అనే పేరు రావడం ఎంత అరుదంటే, ఫ్యాన్స్ దాన్ని ఏళ్ళ తరబడి కాపు కాసి వెతుకుతున్నారు. రెండేళ్ళు విడిపోయి ఉన్నాక సబావోడీ అనే చోటికి అందరూ తిరిగొచ్చిన వరుసలో తను మొదటివాడు, సాంజీ ఏడోవాడు అని, కొన్నాళ్ళు "ఏడో నంబరు" అని కూడా పిలిచాడు.

తిట్ల కింద ఏముందో కూడా కథలోనే ఉంది. థ్రిల్లర్ బార్క్ కథలో శత్రువు కుమా ఎదుట లూఫీ బదులు చావడానికి జోరో సిద్ధపడితే, సాంజీ అడ్డొచ్చి తన ప్రాణం తీసుకోమంటాడు. జోరో అతన్ని కొట్టి స్పృహ తప్పించి తనే ఆ నొప్పి మొత్తం భరిస్తాడు. తర్వాత సాంజీకి నిజం తెలుస్తుంది, ఆ విషయం బయటికి పొక్కకుండా చూస్తాడు. వానో యుద్ధంలో తను తనలా మిగలకపోతే చంపెయ్యమని సాంజీ అడిగేది కూడా జోరోనే. లూఫీని అడగడు, ఎందుకంటే లూఫీ ఒప్పుకోడు. జోరో ఒప్పుకుంటాడు. ఇలాంటి మాట ఇచ్చి పుచ్చుకున్న ఇద్దరు "డార్లింగ్" అనుకుంటే చదివేవాళ్ళకి ఎబ్బెట్టుగా ఉండదా? వీళ్ళ ప్రేమ అంతా "మారిమో"లోనే ఉంది. మీరు చేయాల్సిందల్లా ఆ మాట ఏ గొంతుతో అన్నాడో మార్చడం. వంటగదిలో అరిచిన మారిమో వేరు, గాయానికి కట్టు కడుతూ గొణిగిన మారిమో వేరు.

మూడో జంట, సాంజీ, రాబిన్. చాలామంది తడబడేది ఇక్కడే. పేరు చివర ముద్దుగా కలిపే "-చాన్"ని సాగదీసి సాంజీ "రాబిన్-చ్వాన్" అంటాడు, గుండెలు ఎగురుతాయి, కాబట్టి ఇక్కడ ప్రేమ ఉన్నట్టే అనుకుంటారు. కానీ అదే సాగదీత నామీకీ ఉంది, "నామీ-స్వాన్" అని. దారిలో కనిపించిన అందగత్తెలందరి దగ్గరా గుండెలు ఎగురుతూనే ఉంటాయి. ఆ పిలుపు సాంజీ స్వభావం చూపిస్తుంది, రాబిన్‌తో బంధం చూపించదు. అందరికీ పంచేదాన్ని ఆమె ఒక్కదాని ముందు గుర్తుగా పెట్టలేం.

అతనికి ఆమెతో ప్రత్యేకంగా ఉన్నది వానోలో కనబడుతుంది. బ్లాక్ మారియా అనే శత్రువు సాలెగూడులో చిక్కుకుని, ఆడవాళ్ళ మీద చెయ్యెత్తలేక, సాంజీ ఇల్లు ఎగిరిపోయేలా రాబిన్‌ని సాయానికి పిలుస్తాడు. ఎప్పుడూ తనే కాపాడతానని ఎగబడే మనిషి, సిగ్గు వదిలి ఒక ఆడదాన్ని కాపాడమని అడిగాడు. రాబిన్ వచ్చి, తన మీద ఆధారపడినందుకు సంతోషిస్తుంది. ఆ "రాబిన్-చాన్" చ్వాన్ కాదు. కాబట్టి మీ కథలో సాంజీ ఆమెతో ఒంటరిగా ఉన్నప్పుడు సాగదీత తగ్గాలి, మాట మామూలు ఎత్తుకి రావాలి. గుండెలు ఎగరని చోటే అతను నిజంగా మాట్లాడుతున్నాడని చదివేవాళ్ళకి అర్థమైపోతుంది.

నేనైతే ఇలా రాస్తాను. రాత్రి కాపలా, పైన మంచె మీద జోరో బరువులెత్తుకునే గది. రాబిన్ పుస్తకం చదువుకుంటోంది. సాంజీ ట్రేతో పైకి ఎక్కి వస్తాడు.

"కాఫీ, రాబిన్-చాన్. చక్కెర తక్కువే వేశా." కప్పు ఆమె పక్కన పెట్టి, ఓనిగిరి ఉన్న పళ్ళెం మాత్రం నేల మీద జోరో వైపు తోశాడు. "నీక్కూడా ఉంది, నాచుముద్దా. తింటే తిను."

"వేడిగా లేదు."

"పొద్దున్నుంచీ ఇక్కడే కూర్చున్నది నువ్వు. కిందికి దిగితే వేడిగా ఉండేది."

రాబిన్ పేజీ తిప్పింది. "సాంజీ, వేడిగా ఉన్నప్పుడు వద్దన్నది జోరోనే. నువ్వు వచ్చేదాకా తినను అన్నాడు."

జోరో ఆమె వైపు చూశాడు. "రాబిన్."

"చెప్పకూడదా?"

సాంజీ సిగరెట్ వెలిగించుకోవడం మర్చిపోయి, మెట్ల మీదే కూర్చుండిపోయాడు.

ఇందులో ఎవరూ ఎవరికీ ఐ లవ్ యూ చెప్పలేదు. ఆరు పిలుపుల్లో నాలుగు వచ్చాయి. మూడో మనిషిగా రాబిన్ ఏం చేసిందో గమనించండి. ఇద్దరి మధ్య జరుగుతున్నది ఆమెకి కనిపిస్తోంది, ఒకడు దాచింది రెండోవాడికి అందిస్తోంది. మూడో మనిషికి పని ఇవ్వడం అంటే ఇదే. పక్కన నిలబెట్టి నవ్వించడం కాదు, మిగతా ఇద్దరికీ ఒకరి గురించి ఒకరికి తెలియనిది ఆమెకి తెలిసి ఉండాలి.

మూడో మనిషి డల్ అయిపోవడానికి ఇంకో కారణం కథ ఆకారం. పాలీ, అంటే అందరి ఒప్పుదలతో ఇద్దరికంటే ఎక్కువమంది ఉండే సంబంధాల్లో, ఒక మనిషి మధ్యలో ఉండి, ఇద్దరు భాగస్వాములూ ఆ మనిషితోనే ప్రేమలో ఉంటే దాన్ని వీ అంటారు, ఇంగ్లీషు అక్షరంలాగా. ముగ్గురూ ఒకరితో ఒకరు ప్రేమలో ఉంటే ట్రయాడ్. వీలో చివర్లున్న ఇద్దరూ ఒకరికొకరు మెటామౌర్‌లు. వాళ్ళ మధ్య ప్రేమ లేకపోయినా బంధం ఉంటుంది. మీరు ట్రయాడ్ అని ట్యాగ్ పెట్టి, రాసేది మాత్రం జోరో మధ్యలో ఉన్న వీ అయితే సాంజీ, రాబిన్ గీత ఖాళీగా ఉండిపోతుంది. వీ రాయడం తప్పేమీ కాదు. తెలిసి రాయండి.

అసలు కథలోనే పాలీ ఉన్న అనిమేలు చూస్తే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. హిరోయుకి రాసిన కానోజో మో కానోజో 2020లో మొదలైంది, 2021లో అనిమే వచ్చింది. అందులో నావోయా అనే అబ్బాయికి చిన్ననాటి స్నేహితురాలు సాకీతో ప్రేమ అప్పుడే కుదురుతుంది, ఇంతలో నాగీసా వచ్చి ప్రేమ చెప్తుంది. అతను దాచకుండా సాకీని అడిగేస్తాడు, ముగ్గురూ ఒకే ఇంట్లో ఉంటారు. సాకీ అతన్ని ఉత్త "నావోయా" అంటుంది, నాగీసా "నావోయా-కున్" అంటుంది. చిన్నప్పటినుంచీ తెలిసిన మనిషికీ, కొత్తగా వచ్చి చోటు సంపాదించుకుంటున్న మనిషికీ తేడా అంతా ఆ "కున్" ఉండడంలో, లేకపోవడంలోనే తెలిసిపోతుంది.

వంద మంది ప్రియురాళ్ళ కథ ఉంది కదా, 2019 డిసెంబర్ నుంచి వీక్లీ యంగ్ జంప్‌లో వస్తోంది, అనిమే 2023లో మొదలైంది. దాన్ని ఒక అబ్బాయి చుట్టూ అమ్మాయిలందరూ తిరిగే ఉత్త హరేమ్ కామెడీ అని కొట్టిపారేసేవాళ్ళతో నేను ఒప్పుకోను. అంతమందిలో ఒక్కొక్కరూ హీరో రెంతారోని పిలిచే తీరు వేరు. హకారి "రెంతారో-కున్", కరానే కసురుతూ "రెంతారో", ఏ పనిలోనూ వృథా ఉండకూడదనే నానో మాత్రం ఇంటిపేరుతో సహా "ఐజో రెంతారో" అని పూర్తిగా అంటుంది. ఆ పూర్తి పేరు ఆమె నోట్లో రాను రాను ఎంత మెత్తబడుతుందో వింటే, దగ్గరితనానికి పేరు కుదించక్కర్లేదని తెలుస్తుంది. పైగా అక్కడ అమ్మాయిలు అతని కోసం కొట్టుకుంటూ కూర్చోరు, ఒకరికొకరు అవుతారు. అందరూ కలిసి "రెంతారో ఫ్యామిలీ". హకారి, కరానేల మధ్య సాగే గొడవా, ఆప్యాయతా వేరే కథకి సరిపోతుంది.

ముషోకు టెన్సేలోనూ ఇలాంటిదే ఉంది. హీరో రూడియస్‌ని సిల్ఫీ, రాక్సీ "రూడీ" అంటారు, ఎరిస్ మాత్రం పూర్తిగా "రూడియస్" అంటుంది. అయితే అది ఒక మగవాడికి పలువురు భార్యలుండే వ్యవస్థ. ఇంట్లో చెల్లెలు నోర్న్ తన మతం ప్రకారం అది తప్పని గట్టిగా ఎదురు చెప్తుంది కూడా. పాలీయామరీ అని దాన్ని ఉదాహరణగా పట్టుకోకండి.

ట్రయాడ్‌లో అందరూ ఒకే దూరంలో ఉండరు అనడానికి నాకు తెలిసిన గొప్ప ఉదాహరణ జుజుత్సు కైసెన్‌లో కలిసి చదువుకున్న స్నేహితులు గోజో, గెతో, షోకో. జపాన్ ఫ్యాన్స్ వీళ్ళని "సాషిసు" అంటారు. సాతోరు, షోకో, సుగురు పేర్ల మొదటి అక్షరాలు వాళ్ళ అక్షరమాలలో వరసగా పడతాయి, మనకి గుణింతంలా. గోజో, గెతో ఒకరినొకరు "సాతోరు", "సుగురు" అని సొంత పేర్లతో పిలుచుకుంటారు. షోకోని ఇద్దరూ "షోకో" అంటారు. షోకో మాత్రం ఇద్దరినీ "గోజో", "గెతో" అని ఇంటిపేర్లతోనే అంటుంది. ఆ ఒక్క తేడాలో ఆమె ఎంత దగ్గరగా, ఎంత దూరంగా నిలబడిందో మొత్తం ఉంది. ఆమె గురించి రాసే మంచి ఫిక్‌లన్నీ అక్కడినుంచే మొదలవుతాయి. ఇక షిబుయాలో, 2018 అక్టోబర్ 31 రాత్రి, తన చేతులతోనే చంపుకున్న స్నేహితుడి శరీరంతో వచ్చినవాడు ఎప్పటిలాగే "సాతోరు" అని పలకరిస్తాడు. ఆ పిలుపుకి గోజో ఆగిపోతాడు. ఆగిన ఆ క్షణంలోనే బందీ అవుతాడు. ఒక పిలుపు ఎంత బరువు మోయగలదో ఇంతకంటే చెప్పక్కర్లేదు.

మూడో మనిషి వచ్చి ఇద్దరి మధ్య పాత పిలుపు అర్థాన్నే మార్చేయడం కూడా ఉంది. మై హీరో అకాడెమియాలో "డెకు" అన్నది హీరో మిదోరియా ఇజుకుకి చిన్ననాటి తోటివాడు బకుగో పెట్టిన అవమానం, ఏదీ చేతకానివాడని. తోటి విద్యార్థిని ఉరరాకా దాన్ని విని, నీ వల్ల అవుతుంది అన్నట్టు వినిపిస్తోంది, నాకు నచ్చింది అంటుంది. మిదోరియా అదే పేరుని హీరో పేరుగా పెట్టుకుంటాడు. చివరికి బకుగో క్షమాపణ అడిగే రోజున డెకు అనడు, "ఇజుకు" అంటాడు. ఇంకోపక్క మిదోరియా మాత్రం అతన్ని చిన్నప్పటి "కాచ్చాన్"గానే ఉంచుకుంటాడు. మీ కథలో ఇది వాడుకోండి. సాంజీ పెట్టిన "నాచుముద్ద"ని రాబిన్ ఒకరోజు తన మెత్తని గొంతుతో అంటే ఏమవుతుంది? అకాన్ సరస్సులో ఆ ముద్ద పెరగడానికి ఎన్నేళ్ళు పడుతుందో, దాన్ని ఎంత జాగ్రత్తగా కాపాడతారో రాబిన్‌కి తెలిసే ఉంటుంది, పురావస్తు పండితురాలు కదా. ఆ తర్వాత సాంజీ నోట కూడా ఆ మాట ముందులా రాదు.

సైలర్ మూన్ గురించి ఒక్క మాట. హరుకా, మిచిరు, సెత్సునా ముగ్గురూ కలిసి చిన్న హొతారుని పెంచుతారు. ఆ పిల్ల వాళ్ళని "హరుకా-పాపా", "మిచిరు-మామా", "సెత్సునా-మామా" అని పిలుస్తుంది. 1990లలో పిల్లల పత్రికలో వచ్చిన మాట అది. ముగ్గురి ఇంటిని బయటివాళ్ళకి ఎలా చెప్పాలా అని పెద్దవాళ్ళు తల పట్టుకునే చోట, పిల్ల సులువుగా పిలిచేసింది. మీ కథలో చాపర్‌కి ఆ పని ఇవ్వొచ్చు.

ఇప్పుడు తెలుగు సంగతి. మనకి ముగ్గురి సంబంధానికి సిద్ధంగా ఉన్న మాట "సవతి" ఒక్కటే. దాని వెనక వందల ఏళ్ళ సవతి పోరు ఉంది. ఆ మాట మీ కథ దగ్గరికి రానివ్వకండి, ఎగతాళికి కూడా. రాబిన్ గురించి సాంజీకి చెప్పేటప్పుడు జోరో "ఆమె కూడా నా మనిషే" అంటే చాలు. మెటామౌర్ అనే మాట కథలో పాత్రల నోట పెట్టక్కర్లేదు, అది మనం మాట్లాడుకోవడానికి.

-సాన్, -చాన్‌లని "గారు", "అమ్మా"గా మార్చాలా అంటే, నా సలహా అలాగే ఉంచమని. తెలుగులో అనిమే చూసేవాళ్ళందరికీ అవి తెలుసు. కానీ తెలుగు దగ్గర మంచి సౌకర్యం ఒకటుంది, మీరు, నువ్వు. రాబిన్ మొదట్లో జోరోని "మీరు" అనాలి. ఎనీస్ లాబీ తర్వాత "నువ్వు". ఆ మార్పు ఏ వాక్యంలో జరిగిందో మీరు ఎత్తి చూపించకండి, ఓడాలాగే. జోరో, సాంజీల మధ్య మొదటినుంచీ "ఒరేయ్", "రా". సాంజీ తిట్టే "కుసో మారిమో"కి "తొక్కలో నాచుముద్ద" సరిగ్గా సరిపోతుంది. సాంజీ రాబిన్‌కి మాత్రం ఎంత దగ్గరైనా "మీరు" వదలడు అని నా ఊహ. ముగ్గురిలో ఆ ఒక్క చోటే "మీరు" మిగిలిపోతే, దూరంలా కాకుండా అదే అతని ముద్దు అయిపోతుంది. ఇది నా ఇష్టం, మీరు వేరేలా రాసినా బాగుంటుంది.

గొడవలు ఎలా రాయాలని కూడా అడిగారు. అసూయ ఉండొచ్చు, పాలీ మనుషులకి అసూయ రాదనేది అబద్ధం. అరుపులు, తలుపులు మూసుకోవడాలు పెట్టేకంటే పిలుపుని వెనక్కి నడిపించండి. జోరో చెప్పకుండా ఒంటరిగా పోరుకి వెళ్ళి ఒళ్ళంతా చీరుకుని వచ్చాడనుకోండి. రాబిన్ గాయాలు చూసి, కట్టు తెచ్చి, "చెయ్యి ఇవ్వండి, కెన్షి-సాన్" అంటే చాలు. జోరోకి ఆ మాట ఏ కత్తికంటే ఎక్కువగా గుచ్చుకుంటుంది. సాంజీకి కోపం వస్తే "జోరో" అని అసలు పేరు పెడతాడు, అప్పుడు భయపడాలి. ఎప్పుడు మళ్ళీ "మారిమో" వచ్చిందో, అప్పుడు రాజీ అయినట్టు. క్షమాపణ డైలాగు రాయాల్సిన అవసరమే ఉండదు.

ట్యాగుల విషయం త్వరగా చెప్పేస్తాను. ఫ్యాన్‌ఫిక్‌లు పెట్టే సైట్ ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్‌లో పేర్ల మధ్య ఏటవాలు గీత పెడితే ప్రేమ, అండ్ గుర్తు పెడితే స్నేహం లేదా కుటుంబ బంధం. మూడు పేర్లూ కలిపి ఒక ట్యాగ్ పెట్టి, పాలీయామరీ ట్యాగ్ కూడా పెట్టండి. కథలో ఏ జంటకి నిజంగా సీన్లు ఉన్నాయో దానికి మాత్రమే విడి జంట ట్యాగ్ పెట్టండి, లేకపోతే జోరో, సాంజీ కోసం వెతుక్కుంటూ వచ్చినవాళ్ళు నిరాశపడతారు. రెండేళ్ళ విరామం తర్వాత కాలం తీసుకుంటే జోరో, సాంజీలకి 21, రాబిన్‌కి 30, అది ముందే నోట్‌లో రాయండి. నేను పైన చెప్పిన కొన్ని కథల్లో పాత్రలు స్కూలు పిల్లలు. వాళ్ళ మీద రాసేటప్పుడు చెయ్యి పట్టుకోవడం, మనసులో మాట చెప్పడం దగ్గరే ఆపాలి. ఈ విషయంలో నేను అసలు రాజీ పడను, బీటా చేయమని వచ్చిన డ్రాఫ్టులు ఇందుకే తిప్పి పంపాను.

మీరు ప్రశ్నతో పాటు పెట్టిన రెండో అధ్యాయంలో, వంటగది సీన్‌లో "బంగారం" మూడు చోట్ల ఉంది. మొదటిది జోరో రాబిన్‌తో అన్నది, అక్కడ ఉత్త "రాబిన్" పెట్టండి. రెండోది సాంజీ జోరోతో అన్నది, "నాచుముద్దా" పెట్టి, ఆ వాక్యం చివర ఆశ్చర్యార్థకం తీసేయండి. మూడోది రాబిన్ ఇద్దరితో కలిపి అన్నది. అక్కడ పేరేదీ వద్దు. ఇద్దరి కప్పుల్లోనూ ఆమె టీ పోస్తోంది కదా, మాట లేకుండా పోయనివ్వండి.